బొట్టు పెట్టిన రివాల్వర్ ధర

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా ఆఫీసులో అందరికీ తెలుసు. గచ్చిబౌలిలో ఒక కంపెనీలో సాఫ్ట్‌వేర్ పరీక్షించే పని నాది. ఎవరో రాసిన ప్రోగ్రాం ఎక్కడ దెబ్బతిన్నదో పట్టుకుని, తప్పు ఎవరిది, ఎంత అని తేల్చాలి. పదిహేనేళ్లుగా అదే చేస్తున్నాను. అలాంటిది, మా ఇంట్లోనే ఒక తప్పును తెచ్చి మా అమ్మ నెత్తిన రుద్దితే ఊరుకుంటానా?

రివాల్వర్ మా నాన్నది. జీడిమెట్లలో ఆయనకు ప్లాస్టిక్ డబ్బాలు చేసే చిన్న ఫ్యాక్టరీ ఉండేది. పనివాళ్లకు జీతాలు నగదుగా ఇచ్చే రోజులవి. బ్యాంకు నుంచి డబ్బు సంచి తానే మోసుకు రావాలి కాబట్టి లైసెన్సు తీసుకుని, రిటైరైన ఒక అధికారి దగ్గర ఈ విలాయతీ రివాల్వర్ కొన్నాడు. దాన్ని ఎన్నడూ ఎవరి మీదా ఎత్తలేదు. ఇంట్లో గొంతు ఎత్తడానికే మొహమాటపడే మనిషి, రివాల్వర్ ఏం ఎత్తుతాడు?

ఆయన పోయాక చట్టం ప్రకారం దాన్ని ఆయుధాల దుకాణంలో అప్పగించాం. మాలో ఎవరికీ లైసెన్సు లేదు, తెచ్చుకోవాలన్న సరదా కూడా లేదు. అమ్మేయాలి, అదీ లైసెన్సు ఉన్నవాళ్లకే. విదేశీ రివాల్వర్లు దిగుమతి కావడం ఏనాడో ఆగిపోయింది. దేశంలో మిగిలిన పాతవే చేతులు మారుతున్నాయి. అందుకే వాటికి అంత గిరాకీ.

ఆ గిరాకీ సంగతి మా చిన్నాయనకు బాగా తెలుసు. నాన్నకు సొంత తమ్ముడు, స్థలాలు కొని అమ్మే మనిషి. లైసెన్సు వచ్చి రెండేళ్లయినా మనసుకు నచ్చింది దొరకలేదని తిరుగుతున్నాడు. నాన్న పోయిన ఆరు నెలలకు మదీనాగూడలో మేముండే ఫ్లాట్‌కు వచ్చి, చాయ్ తాగి, దుకాణంలో రివాల్వర్ చూసొచ్చానన్నాడు. ఒళ్లంతా మచ్చలేనట. ఆ తర్వాత అమ్మ వైపు తిరిగి అన్న మాట నాకింకా గుర్తుంది.

"నీ బొట్లతోనే అది ఖరాబయింది వదినె. బయటోడైతే ముట్టుకోడు. ఇంటి మనిషిని కాబట్టి రెండు లక్షలిస్త."

బొట్ల సంగతి నిజమే. దసరా వస్తే మా ఇంట్లో పనిముట్టు అన్నదానికల్లా పూజ చేస్తాం. కత్తిపీట, కుట్టు మిషను, నా స్కూటీ, చివరికి ఆఫీసు వాళ్లిచ్చిన లాప్‌టాప్ కూడా. వాటితోపాటు రివాల్వర్. నాన్న గుండ్లు తీసి పీట మీద పెడితే, అమ్మ తడి పసుపుతో బ్యారెల్ గొట్టం మీద మూడు, గుండ్లు పెట్టే సిలిండర్ మీద ఒకటి బొట్లు పెట్టి కుంకుమ అద్దేది. పూజ బొట్టు చేత్తో తుడవకూడదని మా ఇంట్లో పట్టింపు. అది ఎండి దానంతటదే రాలిపోవాలి. లాప్‌టాప్‌కు ఏమీ కాలేదు గానీ, ఇనుము కదా, ఏళ్లు గడిచేసరికి ఆ నాలుగు చోట్లా గుండ్రంగా మచ్చలు పడ్డాయి.

చిన్నాయన అడిగినంతకే ఇచ్చేయమని రెండు రోజుల తర్వాత అమ్మ చెప్పింది. ఆ ఏడు దసరాకు ఇంట్లో దేనికీ బొట్టు పెట్టలేదు. నా స్కూటీకి కూడా పెట్టలేదేమని అడిగితే, "నా చెయ్యి మంచిది కాదు బిడ్డా" అంది. నాకు ఒళ్లు మండిపోయింది. ముప్పై అయిదేళ్లు భక్తిగా చేసిన పనిని ఒక్క చాయ్ తాగే లోపల తప్పుగా మార్చి పోయాడు ఆయన. రెండు లక్షలకు ఇవ్వను గాక ఇవ్వను అనుకున్నాను. అయితే నాకు అసలు ధర ఎంతో తెలియదు. తెలియకుండా అరిస్తే అది వట్టి అరుపే.

వారసత్వం కాగితాలు, పోలీసుల అనుమతులు అంటూ నెలలు గడిచాయి. ఆ నెలల్లో మధ్యాహ్నం భోజనాల వేళ ఆయుధాల దుకాణాలకు ఫోన్లు చేసేదాన్ని. పక్క కుర్చీలో కోస్తా నుంచి వచ్చిన అమ్మాయి, "ఎవరినేసేద్దామనండీ?" అని నవ్వేది. ఫోన్లో ఎవరూ ధర చెప్పలేదు. చూడందే చెప్పలేమన్నారు. అది న్యాయమే. చివరికి ఒక రోజు సెలవు పెట్టి, మేము రివాల్వర్ అప్పగించిన దుకాణానికే వెళ్లాను.

దుకాణం యజమాని పెద్దాయన, అందరూ సేటు అంటారు. నన్ను చూసి, ఇంట్లో మగవాళ్లు రాలేదా అన్నాడు. రివాల్వర్ చూడటానికి మగవాళ్లు కావాలని ఏ చట్టంలో ఉందో చూపించమన్నాను. ఆయన ఒక్క క్షణం చూసి, నవ్వి, లోపలికెళ్లి తెచ్చాడు.

ఆ తర్వాత గంటసేపు ఆయన చెబుతుంటే రాసుకున్నాను. సిలిండర్ తెరిచి ఖాళీగా ఉందని ముందు నాకు చూపించాడు. మూసి అటూ ఇటూ కదిపాడు, వదులు లేదు. తెల్లకాగితం అడ్డుపెట్టి బ్యారెల్ లోపలికి చూడమన్నాడు. లోపల గుండును తిప్పే గీతలన్నీ పదునుగా, శుభ్రంగా మెరిశాయి. పెద్దగా కాల్చలేదని అర్థమట. నంబరు, కంపెనీ అక్షరాలు చెక్కు చెదరలేదు. ఇక మచ్చలు. నూనె గుడ్డతో తుడిచి, భూతద్దం నా చేతికిచ్చాడు. అమ్మ బొట్లు నాలుగూ పైపైనే ఉన్నాయి, గోటికి తగలవు. కుడివైపు మాత్రం బ్యారెల్ పొడవునా లోతైన గుంటలు. అవి వరుసగా, కుట్టు వేసినట్టు ఉన్నాయి.

"ఇవి పసుపువి కావమ్మా. తోలు కేసుల పెట్టి బీరువల దాస్తరు గద, తోలు చెమ్మ గుంజుతది. ఇది ఆ కుట్టు ముద్ర."

తోలు కేసు నాన్నది. అందులో ఉంటే భద్రమని నమ్మి, ఏడాది పొడవునా అందులోనే ఉంచి తాళం వేసేవాడు. పాలిష్ పట్టిస్తే పోతాయా అని అడిగాను. గుంటలు పోయేదాకా అరగదీస్తే నంబరు కూడా అరిగిపోతుందని, నంబరు చెరిపితే జైలేనని సేటు చెప్పాడు. అంటే దాచడానికి లేదు, చెప్పుకుని అమ్మడమే.

ధర నన్నే చెప్పమన్నాడు. మచ్చ లేని ఇలాంటిది పోయినసారి తన దగ్గర అయిదున్నర లక్షలకు పోయిందట. ఆయన చెప్పినదాన్ని బట్టి తోలు గుంటలకు ఎనభై వేలు, బొట్లకు పది వేలు తగ్గించాను. నాలుగు లక్షల అరవై వేలు. ఆ ధరకు మీరు కొంటారా అంటే, ఇప్పుడే రాసుకుంటానన్నాడు. వ్యాపారి అంత తొందరగా ఒప్పుకున్నాడంటే అది ఎక్కువ ధర మాత్రం కాదు. నా మనసు కుదుటపడింది.

సాయంత్రం అమ్మకు అంతా చెప్పాను. సంతోషిస్తుందనుకున్నాను. తల దించుకుని, "పోయిన మనిషి మీద పెట్టకు. నా మీదనే ఉండనీ" అంది. నేను ఊరుకోలేదు. నాన్న మీద నాకు ప్రేమ లేదా? ఉంది. కానీ పోయినవాళ్ల తప్పులన్నీ బతికున్న ఆడమనిషి మోయాలనే ఆచారం నాకు పడదని గట్టిగానే చెప్పాను.

అమ్మకానికి వారసురాలిగా అమ్మ సంతకం కావాలి. అందుకని వారం తర్వాత ముగ్గురం దుకాణంలో కలిశాం. చిన్నాయన రెండు లక్షల దగ్గర మొదలుపెట్టి, రెండున్నరకు వచ్చి, మళ్లీ బొట్ల పాటే ఎత్తుకున్నాడు. నేను భూతద్దం ఆయన ముందు పెట్టి, కుట్టు ముద్ర చూపించి, నా ధర చెప్పాను. ఆయన మొహం ఎర్రబడింది.

"కన్నతండ్రినే తప్పు పడుతున్నవా?" అన్నాడు, దుకాణమంతా వినేలా.

నేను నోరు తెరిచేలోపు అమ్మ నా చెయ్యి పట్టుకుని ఆపింది. సేటు వైపు తిరిగింది.

"నా బొట్లకెంత పోయింది, ఆయన తోలు కేసుకెంత పోయింది? విడివిడిగ చెప్పు."

బొట్లకు పది, కేసుకు ఎనభై అన్నాడు సేటు. అమ్మ మరిది వైపు చూసింది. ఏడాదిగా ఆయన ముందు తలెత్తని మనిషి, నేరుగా కళ్లలోకి చూసింది.

"పది వేలు నావి, ఒప్పుకుంటున్న. ఎనభై మీ అన్నవి. ఆయన ఉంటె ఆయనా ఒప్పుకునేటోడే. ఆ ధరకు తీసుకుంటె తీసుకో. లేకుంటె ఈ సేటు తీసుకుంటడు."

చిన్నాయన కాసేపు గోడకున్న తుపాకులు చూశాడు. తర్వాత జేబులోంచి చెక్కు పుస్తకం తీశాడు. అమ్మ కాగితాలన్నీ చదివించుకుని, తొందరపడకుండా ఒక్కో సంతకం పెట్టింది.

ఇంటికి ఆటోలో బయలుదేరాం. మియాపూర్ దాటాక అమ్మ నా వైపు తిరిగింది.

"ఏడాది సంది తొంభై వేల తప్పు మోసిన బిడ్డా. నాది పది వేలదేనట."