సోమవారం ఎవరిది?

డిపోలో ఆవిడను అందరూ స్టీరింగమ్మ అంటారు. వెటకారంగా పెట్టిన పేరే, కానీ అతుక్కుపోయింది. ఇప్పుడు ఎవరైనా అసలు పేరుతో పిలిస్తే ఎవరినో అనుకుని ఆవిడే పక్కకు తప్పుకుంటుంది. సిటీ బస్సు నడుపుతుంది. మలుపులో ఎవడైనా బండి అడ్డం పెడితే హారన్ కొట్టదు, కిటికీలోంచి తల బయటపెట్టి ఒక్క చూపు చూస్తుంది. బండి దానంతటదే పక్కకు జరుగుతుంది.

ఆ డిపోలో సెలవులు అడిగితే ఇచ్చేవి కావు, వరుసలో నిలబడి ఏరుకునేవి. ఏడాది మొదట్లో సీనియర్లు ముందు వచ్చి మంచి మంచి వారాలు తీసేసుకుంటారు. మిగిలిన తాలు జూనియర్లకు. స్టీరింగమ్మ చాలా ఏళ్లు ఆ తాలుతోనే సరిపెట్టుకుంది. ఈసారి మాత్రం ఆవిడ వంతు వచ్చేసరికి బడి సెలవుల వారాలు ఇంకా మిగిలే ఉన్నాయి. ఎగిరి గంతేసినంత పని చేసింది. ఎందుకంటే భర్త లారీ డ్రైవరు, వెళ్తే మళ్లీ ఎప్పుడొస్తాడో ఆయనకే తెలియదు. ఇన్నాళ్లూ సెలవుల్లో కూతుర్ని కనిపెట్టుకుని ఉన్న అత్తగారికి చూపు మందగించింది. పొయ్యి వెలిగిందో లేదో చెయ్యి పెట్టి చూస్తోంది. ఇక పిల్లకు తల్లే దిక్కు.

సరిగ్గా అప్పుడే విద్యాశాఖవారు బడి సెలవులను నెల తర్వాతకు మార్చారు. ఈ మార్పును తల్లిదండ్రులు గమనించగలరు అని గేటుకు ఒక కాగితం అంటించారు. తల్లిదండ్రులు గమనించారు. గమనించాక పిల్లల్ని ఎక్కడ పెట్టాలో మాత్రం అందులో లేదు.

వారాలు మార్చమని అడిగితే డిపో మేనేజరు చేతులెత్తేశాడు. "ఏరుకున్నది ఏరుకున్నదేనమ్మా. నీ ఒక్కదానికి మారిస్తే రేపు అందరూ నా నెత్తినెక్కుతారు."

ఆవిడకు అరికాలి మంట నెత్తికెక్కింది. బడి నడుస్తున్నప్పుడు సెలవు, బడి లేనప్పుడు డ్యూటీ! అయినా కూర్చుని ఏడ్చే రకం కాదు. ఎలాగూ వృథా అయ్యే సెలవే కదా, ఇదంతా ఆ బడి సెలవులు మార్చినవాళ్లకే ధారపోస్తాను అనుకుంది. పిల్లను బడిలో దింపి నేరుగా విద్యాశాఖ ఆఫీసుకు వెళ్లి, అధికారి గది ముందున్న బల్ల మీద కూర్చుంది. మర్నాడూ కూర్చుంది. ఆ పైన రోజూ అంతే.

"సారు లేరమ్మా" అన్నాడు ప్యూను.

"ఫర్వాలేదు బాబూ, నేనున్నాగా. వచ్చేదాకా ఉంటాను."

చివరికి ఓపిక నశించింది అధికారికే. లోపలికి పిలిచి, "ఒక్క నెల తేడా. కాస్త సర్దుకోవాలమ్మా" అన్నాడు.

"సర్దుకుంటాం సార్. తేదీలు మార్చమనడం లేదు. సెలవుల్లో బడిలో ఒక్క గది తెరిపించండి, చాలు."

"టీచర్లు రారు."

"నేను టీచర్లను అడగలేదు. గది అడిగాను."

ఆయన బయటి బల్ల వైపు ఒకసారి చూశాడు. హెడ్‌మిస్ట్రెస్ ఒప్పుకుంటే తనకు అభ్యంతరం లేదన్నాడు. అయితే రోజూ పెద్దవాళ్లు ఎవరో ఒకరు గదిలో ఉండాలి. ఒక్కరోజు ఎవరూ రాకపోయినా తాళం పడుతుంది.

ఆ ఏడే బదిలీ మీద వచ్చిన హెడ్‌మిస్ట్రెస్ అవునని గానీ కాదని గానీ అనలేదు. ముందు తల్లిదండ్రులతో మాట్లాడదాం అని ఆదివారం అందరినీ పిలిచింది. గది నిండా జనం. అరుపులు, నిట్టూర్పులు, విద్యాశాఖకు శాపనార్థాలు. తీరా చూస్తే వారంలో ఒక్కరోజు ఖాళీ చేసుకోగలిగింది ఐదుగురే. స్టీరింగమ్మ, సెలూన్ ఆయన, నర్సు, హోటల్లో వంటచేసే ఆయన, పోయినేడే బిడ్డను బడిలో వేసిన, ఆసుపత్రి దుప్పట్లు ఉతికే ఒక చిన్న వయసు తల్లి. బడికి ఐదు రోజులు, మనుషులు ఐదుగురు. ఒక్కరు తప్పుకున్నా కథ కంచికే.

"మా డిపో పద్ధతిలో పంచుకుందాం. ఎవరి పిల్లలు బడికి ముందొచ్చారో వాళ్లు ముందు ఏరుకోవాలి" అంది స్టీరింగమ్మ. ఆవిడ కూతురు పెద్ద తరగతి. జన్మలో మొదటిసారి తనే సీనియరు! దర్జాగా తనకు వారపు సెలవైన గురువారం తీసుకుంది. సెలూన్ ఆయన మంగళవారం, నర్సు బుధవారం, వంటాయన శుక్రవారం అన్నారు. చివర్లో నిలబడ్డ దుప్పట్ల అమ్మాయికి సోమవారం మిగిలింది.

"సోమవారం నాకు కుదరదక్కా. వారంలో బట్టలన్నీ ఆ రోజే వచ్చి పడతాయి. గురువారమైతే వచ్చేదాన్ని" అంది ఆ అమ్మాయి, నేల చూపులు చూస్తూ.

వంతు వంతేనమ్మా అనబోయింది స్టీరింగమ్మ. మాట నోటి చివరిదాకా వచ్చింది. అచ్చం మేనేజరు గొంతే. ఆ మాట విని తను ఎన్నిసార్లు బస్సు వెనక సీట్లో కూర్చుని కళ్లు తుడుచుకుందో! నిలువునా సిగ్గేసింది.

"ఆగండి. నేనే తప్పు చెప్పాను. తిరగేద్దాం. కొత్తగా వచ్చినవాళ్లే ముందు."

"నా మంగళవారం పోయిందో, నీ బస్సుకు అడ్డంగా పడుకుంటా" అన్నాడు సెలూన్ ఆయన. ఆయన మంగళవారం ఎక్కడికీ పోలేదు. దుప్పట్ల అమ్మాయి గురువారం తీసుకుంది. మిగతావాళ్లవి వాళ్లకే దక్కాయి. స్టీరింగమ్మకు సోమవారం మిగిలింది.

రద్దీ ఎక్కువని డిపోలో సోమవారం ఎవరికీ సెలవివ్వరు. చెప్పకుండా మానేస్తే ఆ స్టీరింగు మళ్లీ చేతికిస్తారన్న నమ్మకం లేదు. కానీ కూతురు గుర్తొచ్చింది, గది తలుపుకు తాళం గుర్తొచ్చింది.

"సోమవారం నాది" అంది గట్టిగా.

"ఎలా వస్తావు? ఉద్యోగం వద్దా?" అంది నర్సు.

"వస్తానన్నాను కదమ్మా. ఎలా వస్తే నీకెందుకు?"

హెడ్‌మిస్ట్రెస్ లేచింది. "ఒక్క నిమిషం. కొత్తవాళ్లే ముందన్నారు కదా. ఈ బడికి మీ అందరికన్నా కొత్త నేను. నన్ను అడక్కుండానే రోజులన్నీ పంచేసుకుంటారా? సోమవారం నాకివ్వండి."

"మీకు సెలవులు కదా మేడం" అంది స్టీరింగమ్మ.

"అందుకే ఇవ్వమంటున్నాను."

"మరి నాకు?"

"నీకేం మిగల్లేదులే. పోయి బస్సు నడుపుకో తల్లీ" అన్నాడు సెలూన్ ఆయన.

అందరూ నవ్వారు. స్టీరింగమ్మ కూడా నవ్వబోయి, చేతకాక, కొంగుతో మొహం కప్పుకుంది.