లైను శుభ్రంగా ఉందన్న పవిత్రన్

మా కోళిక్కోడ్ రేడియోలో పవిత్రన్ చేత తిట్లు తినని మనిషి లేడు. తిట్లకేం, పనిలో తప్పు చేస్తే ఎవరైనా తిడతారు. కానీ అతను తిట్టేటప్పుడు ఆ తప్పు తన జన్మలో చేయనన్న ధీమా మొహం నిండా కనిపించేది. మాకు మండేది దానికే.

అతను బేపూర్ వాడు. తండ్రి ఓడలు కట్టే వడ్రంగి. పలకల మధ్య సందు పూడిందో లేదో చెవి ఆనించి, సుత్తితో తట్టి చెప్పేవాడట. కొడుక్కి ఆ చెవి వచ్చింది, ఆ ఓపిక మాత్రం రాలేదు. ఇంట్లో ఎలా ఉండేవాడో గానీ, స్టూడియోలో చేపల పులుసూ కర్రపెండలం డబ్బా విప్పుకుని తింటూ కూడా ఒక చెవి స్పీకరు వైపే పెట్టి ఉంచేవాడు. తింటున్న ముద్ద ఆపి, "ఎవడ్రా అక్కడ తీగ తాకింది?" అని లేచేవాడు.

బయటి ఊళ్ళలోని గొంతుల్ని మా స్టూడియోకి చేర్చడం అతని పని. అప్పటికి డిజిటల్ టెలిఫోన్ లైన్లే దిక్కు. బంతాట మైదానం దగ్గరొక పెట్టె, మా దగ్గరొక పెట్టె, మధ్యలో టెలిఫోన్ లైను. అక్కడి మాటను ఆ పెట్టె అంకెలు చేసి పంపితే, ఇక్కడి పెట్టె మళ్ళీ మాట చేస్తుంది. ఈ మార్పిడికి ఒక గుటక వేసేంత సేపు పడుతుంది. అందుకే అవతలి మనిషి చెవికి స్టూడియోలో వినబడేవన్నీ పంపుతాం గానీ, అతని సొంత గొంతును మాత్రం తీసేసి పంపుతాం. దాన్నే మా వాళ్ళు మైనస్ అంటారు. మైనస్ పెట్టడం మరిచారంటే తన గొంతే గుటక ఆలస్యంగా తన చెవిలో పడుతుంది. అప్పుడు ఎంత గొప్ప వక్తకైనా మాట రబ్బరులా సాగుతుంది, తడబడుతుంది, చివరికి ఆగిపోతుంది.

"మనిషి గొంతును మనిషికే తిప్పి కొడితే అది ప్రసారం కాదు, హింస," అనేవాడు పవిత్రన్. డ్యూటీలో ఉన్న అమ్మాయి ఒకసారి ఆ సంగతి మరిచిపోతే క్యాంటీన్లో అందరి ముందూ ఏడిపించి వదిలాడు. ఆ పిల్ల చాలా రోజులు అతను ఉన్న గదిలోకి రాలేదు.

ఆ ఏడాది చిన్న పెరున్నాళ్‌కి, అంటే రంజాన్ పండక్కి, మా స్టేషన్ పెద్ద కురియన్ సారుకి ఒక ముచ్చట పుట్టింది. రెండు ఊళ్ళు, ఒకే పాట. కొండోట్టిలో హాల్లో కూర్చుని బీరాన్‌కుట్టి మాప్పిళప్పాట్టు, అంటే మలబారు ముస్లింల పాట, అందుకోవాలి. ఆయన చరణం పాడి ఆపగానే కోళిక్కోడ్ స్టూడియోలో కూర్చున్న మేళం దాన్ని తిరిగి అందుకోవాలి. బీరాన్‌కుట్టిని అందరూ బీరానిక్క, అంటే బీరానన్న, అనేవాళ్ళు. మలప్పురం జిల్లాలో ఆయన పాడకుండా పెళ్ళికొడుకు గడప దాటిన ఇల్లు అరుదు. వయసు డెబ్బై దాటినా గొంతు పండిందే కానీ సడలలేదు. స్టూడియోలోని మేళం వినబడాలి కాబట్టి చెవులకు హెడ్‌ఫోన్ పెట్టారు. ఏం జరిగినా అది తీయొద్దని మావాళ్ళు గట్టిగా చెప్పి ఉంచారు. పెద్దాయన సరేనన్నాడు.

ప్రసారానికి ముందు లైన్లో టిక్కు టిక్కుమని చప్పుడు మొదలైంది. కురియన్ సారు కాలు కాలిన పిల్లిలా తిరుగుతున్నాడు. పవిత్రన్ మాత్రం నిమ్మళంగా కూర్చున్నాడు. చప్పుడు వచ్చేదారిలో ఉందా పోయేదారిలో ఉందా తేల్చుకోవడానికి మైనస్ తీగ ఊడబీకి, మొత్తం కార్యక్రమాన్నే కొండోట్టికి తిప్పి పంపాడు. వెళ్ళిన శబ్దం తిరిగి వచ్చేసరికి ఎక్కడ పాడైందో పట్టుకున్నాడు. రెండు పెట్టెలూ లైను లయను వినకుండా ఎవరి గడియారం వాళ్ళు చూసుకుని నడుస్తున్నాయి. రెంటినీ లైనుకు కట్టేశాడు. చప్పుడు ఆగింది. మేమంతా చప్పట్లు కొట్టాం. కురియన్ సారు వీపు తట్టాడు. పవిత్రన్ మమ్మల్ని ఒకసారి కలియజూశాడు, నేర్చుకోండర్రా అన్నట్టు. ఆ చూపుకే ఖర్చయిపోయింది అతని జాగ్రత్తంతా. మైనస్ తీగ బల్ల మీదే ఉండిపోయింది.

బీరానిక్క మొదటి పాదం అందుకున్నాడు. రెండో పాదంలో మాట సాగింది. నడక తప్పింది. ఆగి, మళ్ళీ మొదటి నుంచి ఎత్తుకున్నాడు. ఈసారి అక్షరాలు ఒకదాని మీదొకటి పడ్డాయి. మత్తులో ఉన్నవాడి మాట ఎలా ఉంటుందో అలాగే ఉంది. చిక్కేమిటంటే ఆలస్యంగా తిరిగొచ్చే ఆ రెండో గొంతు ఆయన చెవిలోనే పడుతోంది. హాల్లో జనానికీ, రేడియో ముందున్న జనానికీ వినబడేది తడబడే ముసలి గొంతు ఒక్కటే. హెడ్‌ఫోన్ తీసేస్తే సరిపోయేది. తీయొద్దన్నారు కదా, తీయలేదు. మూడోసారి పాట మధ్యలో నోరు మూసుకున్నాడు. మేం హడావుడిగా పాత రికార్డు పెట్టేశాం.

అప్పుడు పవిత్రన్ కళ్ళు బల్ల మీది తీగ మీద పడ్డాయి. నేను పక్కనే ఉన్నాను. అతని మొహంలో నెత్తురు చుక్క లేదు. తీగ తీసి దాని చోట పెట్టాడు. సరిగ్గా అప్పుడే లైన్లోంచి పెద్దాయన గొంతు వచ్చింది. అది ప్రసారంలోకి వెళ్ళదు, మా గదిలో మాకు మాత్రమే వినబడుతుంది.

"మోనే, అబ్బాయీ, నా వెనకాలే ఎవరో నా గొంతుతో పాడుతున్నారు. మీకూ వినబడుతోందా?"

పవిత్రన్ వెనకాల కురియన్ సారు నిలబడి ఉన్నాడు. ఆ పక్కన, క్యాంటీన్లో ఏడ్చిన పిల్ల.

"లేదు ఇక్కా. లైను శుభ్రంగా ఉంది," అన్నాడు పవిత్రన్.

ఆ క్షణానికి లైను శుభ్రంగానే ఉంది మరి. అన్న మాటలో అబద్ధం లేకపోవడం వల్లే అది అంత పెద్ద అబద్ధమైంది. శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టయిందని నేను లోలోపల నవ్వుకున్నాను కూడా. తీగ సంగతి నాకప్పుడు పూర్తిగా అర్థం కాలేదు. తప్పేదో చేశాడని మాత్రం తెలిసింది.

మర్నాటి నుంచి టీ కొట్లలో ఒకటే మాట. పండగ పూట తాగొచ్చి పాడాడట. అయిదు పూటలా నమాజు తప్పని మనిషిని పట్టుకుని ఆ మాట అనడానికి జనానికి నోరెలా వచ్చిందో. వయసు మీద పడిందన్నవాళ్ళు కాస్త దయగలవాళ్ళు. పెళ్ళిళ్ళ కాలం వచ్చింది, బీరానిక్కను ఎవరూ పిలవలేదు. ముందే ఇచ్చిన బయానాలు కూడా వెనక్కి తీసుకున్నారు.

ఒక మధ్యాహ్నం పెద్దాయనే మా స్టేషన్‌కి వచ్చాడు. ఇస్త్రీ చేసిన తెల్ల ముండు పంచె, చేతిలో హల్వా పొట్లం. కోళిక్కోడ్‌లో చెవి డాక్టరు దగ్గరికి వచ్చాననీ, చెవుల్లో ఏ లోపమూ లేదన్నారనీ చెప్పాడు. ఆ రోజు టేపు ఉంటే ఒక్కసారి వింటానన్నాడు. వెనకాల వచ్చిన ఆ రెండో గొంతు అందులో ఉందేమో చూసుకోవాలట.

పవిత్రన్ టేపు పెట్టాడు. అందులో ఉండదని అతనికి తెలుసు. తెలిసే పెట్టాడు. పెద్దాయన తల వంచుకుని తన తడబాటును మొదటి నుంచి చివరి దాకా విన్నాడు. సొంత పరువు పోతున్న చప్పుడును కుర్చీలో బుద్ధిగా కూర్చుని వినే మనిషిని చూడటం నావల్ల కాలేదు. నేను గోడ వైపు తిరిగాను.

"ఇందులో లేదు," అన్నాడు చివరికి. "అయితే నాలోనే ఉందన్నమాట."

హల్వా పొట్లం బల్ల మీద పెట్టి, శ్రమ ఇచ్చానని చెప్పి వెళ్ళిపోయాడు. పవిత్రన్ లేచి గుమ్మం దాకా కూడా వెళ్ళలేదు. తేలు కుట్టిన దొంగలా అక్కడే ఉండిపోయాడు. ఆ పొట్లాన్ని ఎవరూ విప్పలేదు.

ఆ రోజు నుంచి అతను ఎవర్నీ తిట్టలేదు. ఎవరైనా పొరపాటు చేస్తే తలొంచుకుని తనే సరిచేసేవాడు. మైనస్ అన్న మాట వినబడితే చాలు, గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకునేవాడు. చివరికి ఒకనాడు సులైమాని టీ తాగుతూ నాతో అంతా చెప్పేశాడు. తను ఇంట్లో భార్యకు కూడా చెప్పలేదన్నాడు. పెద్దాయన తనకు పిచ్చి పట్టిందనుకుంటూనే చచ్చిపోతాడేమోనని భయంగా ఉందన్నాడు. నాకు జాలి వేయాల్సింది, కోపం వచ్చింది.

"ఆయనకి చెప్పాల్సింది నాకు చెప్తావేంటి? నేనేమన్నా ఖాజీనా?" అన్నాను.

శుక్రవారం మసీదులో ప్రార్థన ముగిసే వేళకి ఇద్దరం బస్సులో కొండోట్టి వెళ్ళాం. బీరానిక్క అరుగు మీద కూర్చుని వల అల్లుకుంటున్నాడు. మునుపు ఆ చేతులకు అలాంటి తీరిక ఉండేది కాదు. మమ్మల్ని చూసి లేచి, కుర్చీలు వేయించి, చాయ్ తెమ్మన్నాడు. పవిత్రన్ కూర్చోలేదు. నిలబడే మొత్తం చెప్పాడు. తీగ ఎందుకు తీశాడో, ఎలా మరిచాడో, ఎప్పుడు చూసుకున్నాడో, చూసుకున్నాక ఏమన్నాడో, అన్నీ. నేను సాయం మాట్లాడలేదు. మాట్లాడదగిన చోటు కాదది.

పెద్దాయన వల పక్కన పెట్టాడు.

"నేను నిన్ను అడిగాను."

"అడిగారు ఇక్కా."

"ఒకసారి కాదు. మళ్ళీ వచ్చి అడిగాను."

పవిత్రన్ తల ఊపాడు.

"డాక్టరు మాట నమ్మాను, టేపు మాట నమ్మాను, నీ మాట నమ్మాను. యాభై ఏళ్ళు నాకు అన్నం పెట్టిన ఈ చెవినే నమ్మలేదు." కోపంగా అనలేదు ఆ మాట. కోపంగా అన్నా బాగుండేది. రేడియోలో చెప్తావా అని అడిగాడు. చెప్తానన్నాడు పవిత్రన్. ఆ మాట నిలబెట్టుకున్నాడు కూడా. ప్రసారంలో తన పేరు పెట్టి, తప్పు పేరు పెట్టి చెప్పాడు. కురియన్ సారు అతణ్ణి స్టూడియోలోంచి తీసి కొండ మీది ట్రాన్స్‌మిటర్‌కి పంపేశాడు. ఇవాళ్టికీ అక్కడే ఉన్నాడు. మనుషుల గొంతులతో పని లేని చోటు కాబట్టి బాగుందంటాడు.

కానీ అది తర్వాతి మాట. ఆ రోజు అరుగు మీద పెద్దాయన అడిగింది ఇంకొకటుంది.

"రేడియో సంగతి తర్వాత. ముందు మా ఇంటిదానికి చెప్పు. గట్టిగా చెప్పాలి, దానికి చెవుడు."

లోపలి నుంచి కదియుమ్మ చాయ్ గ్లాసులతో వచ్చింది. పవిత్రన్ మెల్లగా మొదలుపెట్టాడు. ఆమె తట్టం ముసుగు కాస్త పక్కకు జరిపి, చెవి ముందుకు పెట్టింది. ఇంకా గట్టిగా అన్నాడు పెద్దాయన. పవిత్రన్ గొంతు పెంచాడు. ఇంకా పెంచాడు. ఎదురింటి గుమ్మంలోకి ఆడవాళ్ళు వచ్చారు. సైకిలు మీద పోయేవాడు కాలు ఆన్చి నిలబడ్డాడు. ఎన్నో ఏళ్ళుగా మా మీద అరిచిన మనిషి వీధి మొత్తం వినేలా అరిచాడు: "తప్పు నాది ఉమ్మా. ఇక్క సరిగ్గానే పాడారు. మెషీన్లో తప్పు చేసింది నేను. అడిగితే దాచింది కూడా నేనే."

ఈసారి ఆమెకు వినబడింది. గ్లాసులు కింద పెట్టింది. పవిత్రన్ మొహంలోకీ, మొగుడి మొహంలోకీ మార్చి మార్చి చూసింది. చెవిటివాళ్ళకు తమ గొంతు ఎంత పెద్దదో తెలియదు. అందుకే ఆమె అడిగింది కూడా వీధంతా విన్నది.

"అయితే ఆ రోజు ఈయన తాగలేదా?"

బీరానిక్క ఆమె వైపు చూశాడు. పాడు లోకం ఏమనుకున్నా ఇంట్లో ఒక మనిషికి తెలుసు కదా అనే ధైర్యంతోనే ఇన్నాళ్ళూ బతికి ఉంటాడు.

"నన్ను ఒక్క మాట అడగలేకపోయావే కదియా," అన్నాడు, చాలా మెల్లగా.

ఆమెకు వినబడలేదు. ఏమన్నాడో చెప్పమన్నట్టు పవిత్రన్ వైపు చూసింది. పవిత్రన్ రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు.