నలభై ఒక్క మాటలు

పోయినవి ముందు రాస్తాను. మా అమ్మాయికి మామూలు క్లాసులో నాలుగు వందల పన్నెండు రోజులు పోయాయి. తోటిపిల్లల పుట్టినరోజు పిలుపులు పదకొండు పోయాయి. స్కూలు నుంచి వస్తూ నాతో చెప్పే కబుర్లన్నీ పోయాయి. వాటికి లెక్క లేదు. పోతాయని తెలిస్తే లెక్కపెట్టి ఉండేవాణ్ణి.

నేను చెర్రీవుడ్ దగ్గర ఒక గోదాములో సరుకు లెక్క చూస్తాను. డిగ్రీ లేదు, కంప్యూటర్లో లెక్కలు వేయడం సొంతంగా నేర్చుకున్నాను. నా భార్యది డాక్‌ల్యాండ్స్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. అక్కడి కంపెనీలు మనుషుల కోసం వెతుక్కుంటున్న రోజుల్లో ఈ ఐరిష్ వాళ్ల దేశానికి వచ్చాం. అమ్మాయికి అప్పుడు ఐదేళ్లు. ఇంట్లో నోరు మూసేది కాదు, స్కూల్లో తెరిచేది కాదు.

మూడో నెలలో స్కూలు ఒక ఫారం పంపింది. పాపకు ఎన్ని మాటలు వచ్చు అని అందులో ఒక ప్రశ్న. ఇంకొకరైతే ‘చాలా’ అని రాసేవారు. నేను ఒక ఆదివారమంతా కాగితం పట్టుకుని పాప వెనకే తిరిగాను. ఫారం ఇంగ్లీషులో ఉంది కాబట్టి ఇంగ్లీషు మాటలే లెక్కపెట్టాను. నలభై ఒకటి. ఆ రోజే ఆమె తెలుగులో అరగంట సేపు కాకి కథ చెప్పింది. దానికి ఫారంలో గడి లేదు. రెండుసార్లు సరిచూసి సంతకం పెట్టాను.

ఆ అంకె చూసి అమ్మాయిని బుద్ధి ఎదగని పిల్లల ప్రత్యేక క్లాసులో వేశారు. “ఇక ఇంట్లో ఇంగ్లీషే మాట్లాడండి” అన్నారు హెడ్‌మిస్ట్రెస్. టీచరు మాటకు ఎదురు చెప్పడం మాకు అలవాటు లేదు. థాంక్యూ మేడమ్ అని వచ్చేశాను.

నాది గోదాము ఇంగ్లీషు. తిను, రా, బూట్లు, జాగ్రత్త. ఇంట్లో మాటలు అంతవరకే మిగిలాయి.

“ఏమండీ, జ్వరమొచ్చినా ఇంగ్లీషులోనే ఊరుకోబెట్టాలా?” అంది నా భార్య.

“చెప్పారు కదా. చేద్దాం.”

ఒకరోజు అమ్మాయి తెలుగులో ఏదో అడిగింది. వినబడనట్టు కూర్చున్నాను. మళ్లీ అడిగింది. మూడోసారి అడగలేదు.

తర్వాత ఒకసారి ఆ క్లాసు తలుపు అద్దంలోంచి చూశాను. ఎనిమిది మంది పిల్లలు. ఆరుగురు నల్లవాళ్లో, మాలాంటివాళ్లో. పక్క క్లాసులో ఇరవై ఎనిమిది మంది ఉంటే అలాంటివాళ్లు ముగ్గురు. ఇంట్లో పదిహేడు ద్రాక్షపళ్లను ముగ్గురికి పంచి, మిగిలిన రెండూ తనవేననే మా పిల్ల, గుండీలను రంగుల వారీగా కప్పుల్లో వేస్తోంది.

గేటు దగ్గర ఒక ఐరిష్ తల్లి కనబడింది. వాళ్లమ్మాయి కూడా ఆ ఏడాదే చేరింది, స్కూల్లో ఒక్క ముక్క మాట్లాడదు. “బిడియం, అంతే. గ్రాండ్‌గా ఉంది, ఇంకో ఏడాది చూద్దామన్నారు” అందామె. ఇక్కడ గ్రాండ్ అంటే బాగానే ఉందని. వాళ్లకు ఫారమే రాలేదు.

హెడ్‌మిస్ట్రెస్‌ను అడిగాను. “నలభై ఒకటి అని మీరే రాశారు కదా” అన్నారు, ఫైలు నా వైపు తిప్పి.

మా వాళ్లూ తక్కువ తినలేదు. అపార్ట్‌మెంట్‌లో ఒక ఆంటీ పాప గడ్డం పట్టుకుని, “అయ్యో, బాగానే ఉందే! ఇంకెలాగో ఉంటుందనుకున్నా” అంది. వెంటనే తన కూతుర్ని పిలిచి, “నువ్వు ఇటొచ్చి ఆడుకోమ్మా” అంది.

మళ్లీ పరీక్ష చేయించడానికి రెండేళ్ల మీద పది వారాలు పట్టింది. పరీక్ష చేయడానికి కొత్తగా వచ్చినావిడ అడిగినవాటన్నిటికీ అమ్మాయి ఇంగ్లీషులో జవాబు చెప్పింది. మామూలు క్లాసుకు పంపారు. అప్పటికి ఆ పిల్లలు భాగహారం దాటిపోయారు. ఈమె వెనక బెంచీలో కూర్చుని గుండీలు లేవా అని అడిగిందట. క్లాసంతా నవ్విందట.

పోయిన పాఠాలకు బదులు వారానికి రెండు గంటలు చెప్పారు. ముప్పై వారాలయ్యాక, ఇక గ్రాండ్‌గా ఉందని ఆపేశారు. అరవై గంటలు జమ.

రోజుకు నాలుగు గంటల పాఠం చొప్పున నాలుగు వందల పన్నెండు రోజులకు లెక్క కట్టి, ఆ అరవై తీసేసి, స్కూలుకు ఉత్తరం రాశాను. జవాబు లేదు. మా అమ్మాయికి ఇంకా రావలసినవి వెయ్యిన్నీ ఐదు వందల ఎనభై ఎనిమిది గంటలు.