నీలం మూత ట్యూబు

మస్తానమ్మను మా మందు పరీక్ష నుంచి తొలగించింది నేనే. ఆ కాగితం మీద మెర్లిన్ అని గుండ్రంగా ఉన్న సంతకం నాదే.

ఆమెది బోగోలు దగ్గర పల్లె. ఇరవై రెండేళ్ళుగా రొయ్యల షెడ్డులో బల్ల ముందు నిలబడి రొయ్యలు ఒలుస్తోంది. గ్లౌజులు వేసుకుంటే చెయ్యి ఆడదని వేసుకోదు. ఐసు నీళ్ళలో నానీ నానీ పది గోళ్ళకూ ఫంగస్ పట్టింది. అవి పసుపుపచ్చగా, చెక్కల్లా మందంగా తయారయ్యాయి. వాటిని చూసిన సూపర్‌వైజరు హెబ్రోను, ఏడాదిలోగా గోళ్ళు బాగుపడకపోతే బల్ల దగ్గరికి రావద్దన్నాడు. ఆమె జతకత్తె వెంకటశేషమ్మవీ అలాంటి గోళ్ళే, ఆమెకూ అదే మాట చెప్పాడు.

షెడ్డులో ఇద్దరిద్దరు జతగా చేస్తారు. ఒకరు తల తీస్తే ఇంకొకరు పొట్టు తీస్తారు. నిండిన ట్రే ఇద్దరిదీ.

నేను నెల్లూరు నుంచి ఒక మందు పరీక్ష కోసం ఊళ్ళు తిరుగుతాను. గోరు మీద ఫంగస్ జిగురు పొర కట్టుకుని దాని చాటున కూర్చుంటుంది. మామూలు మందులకు ఆ పొర ఒక పట్టాన లొంగదు. మా మందులో పెప్టైడ్లనే చిన్న ప్రోటీను ముక్కలున్నాయి. రొయ్యల రక్తంలో ఇలాంటివే ఉండి వాటిని క్రిముల నుంచి కాపాడతాయి. వాటిని చూసి ల్యాబులో తయారుచేసిన మందు అది. పొరలోకి దూరి ఫంగస్‌కు చిల్లులు పెట్టాలని దాని ఉద్దేశం. ఇదంతా మస్తానమ్మకు అరగంట చెప్పాను.

"ఇన్నేళ్ళు దాని తల తీసినాను. ఇప్పుడది నాకు మందిస్తాదంటనా?" అంది. "మంచిదే పాపం."

ఒక షెడ్డు నుంచి ఒక్కరినే తీసుకోవాలి కాబట్టి ఆమెను తీసుకున్నాను. ఎర్ర మూత ట్యూబు కుడిచేతికి, నీలం మూతది ఎడమచేతికి. ఒకదాంట్లో మందు, ఇంకోదాంట్లో ఉత్త జెల్. ఏది ఏదో నాకూ తెలియదు. ఎవరికీ ఇవ్వొద్దని మూడుసార్లు చెప్పాను. మూడుసార్లూ తల ఊపింది.

మూడో నెలలో వెళ్తే ఎడమచేతి గోళ్ళ మొదట్లో శుభ్రమైన కొత్త గోరు వస్తోంది. కుడిచేయి ఎక్కడిదక్కడే ఉంది. నాకు ఎగిరి గంతేయాలనిపించింది. కొత్త ట్యూబులిచ్చి వచ్చాను. ఆరో నెలలో ఎడమచేతి మెరుగూ ఆగిపోయింది. "రాస్తానే ఉండాను" అంది. నమ్మాను, నా బుద్ధి అంతే. తొమ్మిదో నెలకు ఎడమచేయి మళ్ళీ పసుపుపచ్చ.

నాకు ఒళ్ళు మండింది. "నిజం చెప్పక్కా, రాస్తున్నావా లేదా?"

"రాయడంలా."

"ట్యూబులేం చేశావు?"

"నీలందంతా శేషికిచ్చినాను."

"నీకేమన్నా పిచ్చా? నీ పని పోదూ?"

"నాకైతే ఇన్నేళ్ళ మొకం చూసి ట్రేలు కడిగే పనన్నా ఇస్తారు. అది నిన్నగాక మొన్న వచ్చింది. దాన్ని గేటు బయటికి పొమ్మంటారు. ట్రే ఇద్దరిదైతే ట్యూబు ఒకరిదా?"

నేను ఫారం తీశాను. 'నియమాలు పాటించలేదు' అని రాసి తొలగించాను. ఆమె వేలిముద్ర వేసి, టీ తాగి పొమ్మంది. తాగాను.

పరీక్ష ముగిశాక తేలింది, మందు నీలం మూతదాంట్లోనే ఉందట. ఆ కబురు చెబుదామని షెడ్డుకు వెళ్ళాను. హెబ్రోను పెట్టిన గడువు అప్పటికి ముగిసింది. వెంకటశేషమ్మ బల్ల దగ్గర ఉంది. పది గోళ్ళూ శుభ్రం. నేను చూసినవాటిలో అంత బాగా నయమైన చేతులు లేవు. మా రికార్డులో మాత్రం అవి లేవు. మస్తానమ్మ కుళాయి దగ్గర ట్రేలు కడుగుతోంది.

వెంకటశేషమ్మ పరుగున వచ్చి నా చేతులు పట్టుకుంది. "మేడం, ట్యూబులు మిగిలినాయని మీ ఆఫీసోళ్ళు నాకు పంపినారంట గదా, అక్క చెప్పింది. మీకు పుణ్యముంటాది! అక్కకు కొంచెం చెప్పండి మేడం. తనకిచ్చిన మందు సరిగ్గా రాసుకోలా. నేనెంత చెప్పినా వినదు."

కుళాయి వైపు చూశాను. మస్తానమ్మ ట్రే పట్టుకుని నన్నే చూస్తోంది. వద్దన్నట్టు తల అడ్డంగా ఊపింది.

నేను నోరు మూసుకునే మనిషిని కాదు. కావాలంటే మా ఇంట్లో అడగండి.

"ఏమక్కా! ఇచ్చిన మందు రాసుకోవడానికి కూడా బద్ధకమా నీకు?" అని షెడ్డంతా వినబడేలా అరిచాను.

"తప్పైపోయిందిలే మెర్లినమ్మా" అని, మస్తానమ్మ ఇంకో ట్రే అందుకుంది.