బావగారు పెట్టిన పేరు

జిగురక్కకు బావగారంటే ఒళ్ళుమంట. ఎండబెట్టిన మొక్కల్ని అట్టల మీద అంటించి భద్రపరిచే ఆఫీసులో ఆమెది అంటించే పని. అందుకే ఆ ముద్దుపేరు; అసలు పేరు అక్కడ ఎవరికీ గుర్తులేదు. భర్తకు అన్నగారైన ఆ మహానుభావుడిది అధికారి కుర్చీ. ఉద్యోగం ఇప్పించింది తానేనని ఇంట్లోనూ ఆఫీసులోనూ దెప్పిపొడవందే ఆయనకు పొద్దుపోదు.

ఒక వానాకాలం, రాతిగని గోడ పగులులో ఆమెకు ఒక చిన్న మొక్క కనబడింది. నీలం పువ్వు, నూగు ఆకులు. గదిలోని అట్టలన్నీ తిరగేసినా దానికి జోడు దొరకలేదు. కొత్తదేనని బావగారు కూడా ఒప్పుకోక తప్పలేదు; దానికి శాస్త్రంలో పేరు పెట్టాల్సిందీ ఆయనే. ఎన్నడూ ఆయన్ని ఏదీ అడగని మనిషి, ఆ రోజు సిగ్గు చంపుకుని అడిగింది.

"దానికి నా పేరు కలపండి బావగారూ."

ఆయన తల కూడా ఎత్తలేదు. "జిగురు పూసేవాళ్ళందరి పేర్లూ పెట్టుకుంటూ పోతే ఇంకేముంది!" అని, 'వల్గారిస్' అని రాసి పారేశాడు.

"అంటే ఏంటండీ?"

"లాటిన్‌లో వల్గుస్ అంటే జనం, గుంపు. అందులోంచి పుట్టిన మాట. మామూలుది, ఎక్కడపడితే అక్కడ ఉండేది. నీలాంటిదే అనుకో."

గదిలోవాళ్ళు కిసుక్కున నవ్వారు. జిగురక్కకు తల కొట్టేసినట్టయింది. ఆ మొక్కను అట్టకు అంటించాల్సింది మళ్ళీ ఆమే. పళ్ళు నూరుతూనే ఒక్క రేకు నలగకుండా అంటించింది. ఆ తరవాత ఆయనతో పనిమాట తప్ప మాట్లాడలేదు.

తీరా ఆ పేరు అచ్చయ్యాక చూస్తే ఆ మొక్క ఆ గోడ మీద తప్ప ఇంకెక్కడా లేదు. చూడవచ్చిన పండితులు "ఎక్కడా లేనిదానికి ఇదేం పేరండీ!" అని పగలబడి నవ్వేవారు. మార్చడానికా, వీల్లేదు. ఆ శాస్త్రంలో కట్టుబాటే అంత: మొదట అచ్చయిన పేరు అర్థం తప్పినా అదే ఖాయం, పెట్టినవాడి పేరు దాని పక్కనే ఉంటుంది. బావగారికి నలుగురిలో తలెత్తుకోవడం కష్టమైపోయింది.

ఒక పొద్దున్న, ఎన్నడూ లేనిది, ఆయనే జిగురక్క బల్ల దగ్గరికి వచ్చి కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"చూడమ్మా, ఆ పేరు చెప్పింది నువ్వేననీ, కాదనలేక పెట్టాననీ పత్రికలో రాస్తాను. నీ పేరు అచ్చులో వస్తుంది. నీకు కావలసింది అదే కదా?"

జిగురక్క చేతిలో కుంచె ఆగింది. అచ్చులో తన పేరు! ఆశపడలేదంటే అబద్ధం. ఆశపడింది. అలా ఆశపెట్టినందుకు ఆయన మీద కోపం రెట్టింపయింది.

"నేను నా పేరు పెట్టమన్నది మొక్కకి. మీ తప్పుకి కాదు," అంది. "లేవండి, జిగురు ఆరిపోతోంది."