పడమర కుర్చీ

నా చిన్నప్పుడు మా ఇంట్లో అందరి గొంతులూ ఒకేసారి లేచింది పొలం గట్టు కోసం కాదు, స్నానాల గది కోసం. మాది పినపాక దగ్గర అడవి అంచు ఊరు. వెనక వసారాను ఆనుకొని సిమెంటు స్నానాల గది ఉండేది. లెట్రిన్ మాత్రం పెరటి చివర, వెదురు దడి పక్కన. నాయనమ్మ మోకాళ్లు అరిగిపోయాయి. అక్కడ కూర్చుంటే లేవడానికి గోడలు తడుముకునేది. గొంతుక్కూర్చోవద్దని భద్రాచలం దవాఖానాలో డాక్టరు గట్టిగా చెప్పాడు. బొగ్గుబావి ఆఫీసులో పనిచేసే నాన్న ఆ రాత్రి అన్నం ముందే తేల్చేశాడు. స్నానాల గదినే పెద్దది చేసి, టైల్స్ వేసి, అందులోనే వెస్ట్రన్ పెట్టిద్దామన్నాడు.

"వెస్ట్రన్ అంటే ఏందే పిల్లా?" అని నాయనమ్మ నన్ను అడిగింది. అప్పటికి నేను కొత్తగా ఇంగ్లీషు మీడియంలో చేరాను. అడగకపోయినా అర్థాలు చెప్పే రోజులవి.

"పడమర" అన్నాను.

అంతే, ఇల్లు అట్టుడికిపోయింది. మా వైపు లెట్రిన్‌ను ఉత్తరానికో దక్షిణానికో పెడతారు. సూర్యుడికి ఎదురుగా కూర్చోరు. "పొద్దు గూకే దిక్కుకు మొహం పెట్టి కూసొమ్మంటడా నీ అయ్య? సదివి సదివి బుర్ర కరిగినట్టుంది!" అని నాయనమ్మ లేచింది. అది దిక్కు కాదని నాన్న, దిక్కేనని మా సారు చెప్పాడని నేను. టేపు పట్టుకొని వచ్చిన మేస్త్రీ గది నడిమధ్య నిలబడి, "సారూ, తలుపు ఉత్తరముంది. మరి కుర్సీ పడమరకా?" అన్నాడు. కుర్చీ ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకు అర్థం కాలేదు. పక్కింటి అక్క గోడ మీదుగా తొంగిచూసి, పడమర దోషమేమీ లేదని తన వంతు చెప్పింది. ఎవరు దేని గురించి మాట్లాడుతున్నారో ఎవరికీ తెలియదు. కానీ ఎవరూ తగ్గలేదు. ఆ పట్టుదల ఇంట్లో అందరికంటే నాకే ఎక్కువగా అంటిందని ఇప్పటికీ అంటారు.

చివరికి నాన్న ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి వేసి, ఇలా కూర్చోవాలని చూపించాడు. దాంతో వ్యవహారం ఇంకా చెడింది. నాయనమ్మ ముఖం నల్లబడింది. "మంచంల పడ్డోళ్లకు పెట్టేది నాకు పెడ్తవారా? నా కాళ్లింకా ఇరిగిపోలె. మేస్త్రీని ఎల్లగొట్టు" అంది. అప్పుడే నాకు ఒక సంగతి కనిపించింది కానీ దాని అర్థం చాలాకాలానికి గానీ తెలియలేదు. పెరటి చివరిదాకా పోవాల్సిన అవసరం రాకూడదని ఆమె రోజూ మధ్యాహ్నం నుంచి నీళ్లు ముట్టడం మానేసింది. పెదాలు పగిలాయి. ఓ రోజు పొయ్యి ముందు లేవబోయి కళ్లు తిరిగి గోడకు జారగిలబడింది. అమ్మ పరుగెత్తి నీళ్లిస్తే, పుక్కిలించి ఉమ్మింది తప్ప మింగలేదు. నాన్న బతిమాలాడు, అరిచాడు, అన్నం మానేశాడు. ఆమె వినలేదు.

మర్నాడు తాతయ్యకు కాలు నొప్పి వచ్చింది.

ఊరికే రాలేదు, మూలుగులతో వచ్చింది. చేతికర్ర తీశాడు. మంచం మీంచి లేస్తూ "అబ్బా" అన్నాడు, కూర్చుంటూ "అమ్మా" అన్నాడు. నాయనమ్మ ఎటు తిరిగితే అటు కుంటాడు. "ఇగ నావల్ల కాదే, ఆ కుర్సీ ఏదో నాకే కట్టియ్యండి. నా కాళ్లు పోయినయ్, నాకు సిగ్గెందుకు?" అన్నాడు. నాకు జాలేసింది. అయితే బడికి పోతూ చూస్తే, అదే తాతయ్య కర్రను చంకలో పెట్టుకొని మిరపతోట గట్టు మీద చరచరా నడుస్తున్నాడు! పరుగున వెళ్లి ఎదురు నిలిచాను.

"తాతా, నీ కాలు నొయ్యట్లేదా?"

"ఇంట్ల నొస్తది. బయట నొయ్యదు. నీకెందుకే? జల్దీ బడికి పో."

ఇలాంటి జబ్బు నేనెక్కడా వినలేదు. బళ్లో రోజంతా దాని గురించే ఆలోచించాను.

నాయనమ్మ మాత్రం ఆ రోజు నుంచి గది కట్టే పని తన చేతిలోకి తీసుకుంది. చేప బొమ్మలున్న మెరిసే టైల్స్ కింద వేస్తానన్న నాన్నను ఉతికి ఆరేసింది. "సబ్బునీళ్లు పడితే ముసలాయన జారి పడతడు. గరుకుగున్న షాబాదు బండలెయ్యి. నీ చేపల టైల్స్ గోడకు అంటిచ్చుకో, సూసుకుంట మురువు" అంది. గడప ఎత్తు తగ్గించింది. చెంబు పెట్టుకునే గూడు చేతికందేలా పెట్టించింది. పడమర కుర్చీని ఉత్తరానికి తిప్పించింది. కుర్చీ ఎంత ఎత్తుండాలని మేస్త్రీ అడిగితే, పీట మీద పీట వేయించుకొని తనే కూర్చుంది. "ఆయనది గూడ నా ఎత్తే" అంది. తాతయ్య ఆమెకంటే తలెత్తు పొడుగు. నేను నోరు తెరవబోతే అమ్మ నా చెయ్యి గిల్లింది.

ఇక లేచేటప్పుడు పట్టుకోవడానికి గోడకు స్టీలు కడ్డీ పెట్టాలి. నాయనమ్మ కూర్చున్న చోటి నుంచే ఎడమ చేత్తో గోడ తడిమి, లేచి చూసుకొని, మళ్లీ కూర్చొని, "ఈడ" అంది. ఈసారి అమ్మ గిల్లుడు కూడా నన్ను ఆపలేదు.

"నాయనమ్మా, తాతకు నొచ్చేది కుడికాలు కదా!"

మేస్త్రీ చేతిలో పెన్సిలు గోడ మీదే ఆగింది. వసారాలో తాతయ్య దగ్గు ఆగింది. నాయనమ్మ నన్ను కాదు, వసారా వైపు చూసింది.

"మొన్న కుడికాలే. నిన్న ఎడమకాలు కుంటిండు. నాకు మోకాళ్లు పోయినయ్ గని కండ్లు పోలేదు" అంది. తర్వాత మేస్త్రీ వైపు తిరిగి, "ఎడమ దిక్కే పెట్టు నాయనా" అంది.

తాతయ్య కర్ర తీసుకొని, ఏ కాలు కుంటాలో తేల్చుకోలేక కాసేపు నిలబడి, మామూలుగానే నడుచుకుంటూ వెళ్లిపోయాడు.

గది పూర్తయ్యాక ఆయన ఒక్కసారి కూడా ఆ కుర్చీ మీద కూర్చోలేదు. కాళ్లు వాటంతటవే బాగయ్యాయి. నాయనమ్మేమో, "కట్టినంక ఖాళీగ పెడితే పాడైతది" అని గొణుక్కుంటూ లోపలికి పోయేది. మొదటిసారి పోయి వచ్చిన సాయంత్రం నన్ను పిలిచి చెంబెడు నీళ్లు తెమ్మంది. వసారాలో కూర్చొని, గటగటా, చెంబు బోర్లించేదాకా తాగింది. తాతయ్య చుట్ట వెలిగించుకుంటూ పెరటి వైపు చూస్తున్నాడు.

ఎవరు ఎవరిని నమ్మించారో నాకు ఈనాటికీ తికమకే. ఆయన ఆడేది నాటకమని ఆమెకు తెలుసు. ఆమెకు తెలుసని ఆయనకు ఎప్పుడు తెలిసింది? మొదటి రోజేనా? కాళ్లు కావాలనే మార్చాడా? అడిగితే ఇద్దరూ మాట మార్చేశారు. డిగ్రీ చదివాను, నోరేసుకొని బతుకుతున్నాను, ఎదుటివాళ్లను వాదించి ఒప్పించడమే తెలుసు నాకు. ఒప్పుకోకుండానే ఒప్పుకునే వీలు మనిషికి ఇవ్వడం ఆ ఇంట్లోనే చూశాను. నాకు మాత్రం అది సరిగ్గా అబ్బలేదు.

మొన్న అమ్మ మా ఇంటికి వచ్చింది. స్నానాల గదిలో గోడ తడుముకుంటూ లేవడం చూశాను. నోటిదాకా వచ్చిన ఉపన్యాసం మింగేసి, "అమ్మా, ఈ మధ్య నాకు కాలు నొప్పి. కడ్డీ పెట్టించుకుందామనుకుంటున్నా, ఎక్కడ పెట్టమంటావు?" అన్నాను.

అమ్మ నన్ను పైనుంచి కిందిదాకా చూసింది.

"ఏ కాలు?" అంది.

నేను నా రెండు కాళ్ల వైపూ చూసుకున్నాను. అమ్మ నవ్వుతూ పీట జరుపుకొని కూర్చొని, కుడిచేత్తో గోడ తడిమింది.