దుమ్ము కనబడని రంగు

కార్లకు రంగులు వేసే ఆ షెడ్డులో అందరూ ఆయన్ని డేగకన్ను అనేవారు. తూనిక లేదు, కొలత లేదు. సొట్టపడిన తలుపు వంక ఒక్కసారి చూసి, నాలుగు డబ్బాల్లోంచి తలా కాస్త కలిపాడంటే, కొత్త రంగెక్కడో పాత రంగెక్కడో ఆ కారు తయారుచేసినవాడు కూడా చెప్పలేడు. ఆ పొగరు ఆయనకు కొంచెం ఉండేది. ముప్ఫై ఏళ్ల పనితనం, ఉంటే మాత్రం తప్పేముంది?

ఒకరోజు ట్యాక్సీ డ్రైవరొకడు వచ్చి, రోజూ కడగలేక చస్తున్నాను, దుమ్ము కనబడని రంగేదైనా వెయ్యమన్నాడు. ఇంకొకడైతే నవ్వి ఊరుకునేవాడు. డేగకన్ను రోడ్డు మీదికెళ్లి గుప్పెడు దుమ్ము తెచ్చుకుని, అరచేతిలో పరిచి, దాన్ని చూస్తూ రంగు కలపడానికి కూర్చున్నాడు. సాయంత్రానికి దుమ్మేదో రంగేదో ఆయనకే తెలియలేదు. ఆ ట్యాక్సీ నెల్లాళ్లు కడగకపోయినా కడిగినట్టే ఉండేది. ఇంకేం, జనం ఎగబడ్డారు. ఏడాదిలో పదకొండు కార్లకు అదే వేశాడు. పన్నెండోది ఆసుపత్రిలో నర్సుగా చేస్తున్న సొంత కూతురిది. పాత కారు కొనుక్కున్న పిల్లకు ముచ్చటపడి తనే వేసిచ్చాడు.

వేసిన ప్రతి రంగునూ డబ్బా మూత మీద బొట్టులా పెట్టి, కారు నంబరు రాసి, గోడకు తగిలించడం ఆయన అలవాటు. కారు దెబ్బతిని మళ్లీ వస్తే ఆ మూత దించి, చూసి కలుపుతాడు. ఆ చలికాలం ఎప్పుడు చూసినా ఆ రంగు మూతలే దించాల్సి వచ్చింది. ముందు ట్యాక్సీ, తర్వాత ఇంకోటి, ఆపైన మరోటి. గుద్దినవాళ్లు ఒకరినొకరు ఎరగరు, అయినా అందరూ ఒక్కటే మాట చెప్పారట, అక్కడ కారు లేదండీ అని. తొమ్మిదో కారు నడిపినావిడ ఇక లేదని షెడ్డు యజమాని చెప్పినప్పుడు ఆయన గోడవైపు తిరిగాడు. ఆ రంగువి ఇంకా దించని మూతలు మూడున్నాయి. అందులో ఒకటి కూతురిది.

"తెల్లకార్లు గుద్దుకోవా, ఎర్రకార్లు గుద్దుకోవా? రంగేం చేసిందయ్యా పాపం, నడిపేవాడి ఖర్మ గానీ" అని యజమాని కొట్టిపారేశాడు.

అది నిజమైతే బాగుండునని ఆయనకూ ఉంది. ఆ ఆదివారం పొద్దుగూకే వేళ కూతురి కారు రోడ్డు పక్కన ఆపి, వంద అడుగులు నడిచి వెనక్కి తిరిగాడు. రోడ్డుంది, గోడ ఉంది. కారు లేదు. చేతులు ముందుకు చాచుకుని తడుముకుంటూ వెళితే మోకాలికి చల్లగా ఇనుము తగిలింది. అప్పుడు కనబడింది. కూతురు డ్యూటీ దిగి వచ్చేది రోజూ సరిగ్గా ఆ వేళకే.

కారు షెడ్డులో వదలమంటే ఆ అమ్మాయి ముందు ఒప్పుకోలేదు.

"ఎందుకు నాన్నా, బాగానే ఉందిగా? దుమ్ము కూడా కనబడదు."

"నా భయమూ అదేనమ్మా."

మూడు రోజులు గరుకు కాగితం పెట్టి ఇనుము తేలేదాకా తనే గీకాడు. రాలిన పొడి బట్టల్లో, జుట్టులో, గోళ్లలో నిండింది. ఎంత కడుక్కున్నా పోలేదు. పోకపోతే పోనీలే అనుకుని, నిమ్మపండు రంగు వేసి, ఆరాక నాలుగో రోజు పొద్దున కారు అప్పగించాడు. కూతురి మూత దించి బోర్లించేశాడు. గుండెల మీది కుంపటి దిగినట్టయింది.

ఆ సాయంత్రం పొద్దుగూకుతుండగా రోడ్డు వారగా ఇంటికి నడుస్తుంటే ఎదురుగా పసుప్పచ్చ కారు. అంత దూరాన్నుంచీ దీపంలా కనబడుతోంది. చిన్నపిల్లాడిలా సంబరపడిపోయి, చెయ్యి ఊపుతూ రోడ్డు మీదికి అడుగు వేశాడు. కారు వేగం తగ్గలేదు. కూతురి ముఖం తెలుస్తోంది, తనవైపే చూస్తోంది, హారనైనా కొట్టలేదు. ఆఖరి క్షణంలో పక్కకు పడ్డాడు. కారు అద్దం మోచేతిని రాసుకుపోయింది.

కీచుమని కారు ఆగింది. దిగి పరుగెత్తుకొచ్చిన పిల్ల రోడ్డంతా వెతుకుతోంది.

"నేనేనమ్మా" అన్నాడు, రెండడుగుల దూరంలో లేచి నిలబడి.

ఆ పిల్ల గొంతు వినబడిన వైపు తిరిగి, ఆయన భుజం మీదుగా ఎటో చూసింది.

"నాన్నా? ఎక్కడున్నావ్?"

ఆయన చేతులు చూసుకుందామని తల వంచాడు. కింద రోడ్డే కనబడింది.